ఏడు రావాల్సిన చోట ఎనిమిది

కొట్టు, మధ్యాహ్నం రెండున్నర, షట్టరు సగం దించాక

మరదలా,

ఎలా ఉన్నావు? ముందు లెంపలేసుకుంటున్నా, ఫోనులో నీ ఉత్తరం వచ్చి ఇరవై రెండు రోజులైంది. ఈ లెక్క నాది కాదు, మా అత్తగారిది. రోజూ పొద్దున్నే "ఆ పిల్లకి జవాబు రాశావా" అంటారు, నేను "ఇవాళ రాస్తా అత్తయ్యా" అంటాను, ఆవిడ "నిన్నా ఇదే ఇవాళ" అంటారు. నిజంగా తీరిక లేదే. బడులు తెరిచారు కదా, ఊళ్లో ప్రతి చొక్కాకీ ఒక గుండీ ఊడినట్టుంది. నాలుగు చిల్లుల తెల్ల గుండీలు డబ్బాలకి డబ్బాలు అయిపోయాయి. బట్ట చుట్టే గుండీలకైతే ఆ ప్రెస్సు పిడి నొక్కీ నొక్కీ నా కుడి భుజం ఎవరిదో అనిపిస్తోంది. జనం తోసుకుంటుంటే చివరికి టోకెన్ల చుట్ట ఒకటి కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టా. ఆసుపత్రిలా ఉందని ఎవరో అన్నారు, అన్నా పర్లేదు, తోపులాట తగ్గింది.

దారం రంగు కలపడం మాత్రం నా వల్ల కావట్లేదు. బట్ట ముక్క పట్టుకుని గుమ్మంలో ఎండకి నిలబడి చూసి "ఇది నాలుగో ఆకుపచ్చ" అని ఠక్కున చెప్పేదానివి నువ్వు. నాకు అన్ని ఆకుపచ్చలూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి.

ఏం మనిషివే నువ్వు. కంపెనీ మూతబడితే "రెండు నెలలు నీ కొట్లో కూర్చుంటా వదినా, ఈలోపు వేరే ఉద్యోగం చూసుకుంటా" అని వచ్చావు. మేనమామ కూతురివి, కాదంటానా. ఆ రెండు నెలలు ఎనిమిదేళ్లయ్యాయి. నువ్వు వెళ్లి ఇప్పటికి ఐదు నెలలే, నాకేమో అది ఎనిమిదేళ్లలా ఉంది. మన ఇద్దరి లెక్కలూ ఎప్పుడూ కలవవు.

అక్కడ నువ్వు చేసేదేంటని అత్తయ్య అడిగితే "కంప్యూటరు పని" అన్నా. "అది నాకూ తెలుసు, కంప్యూటరులో ఏం పని" అన్నారు. కాస్త నాకు అర్థమయ్యేలా రాయి. వచ్చేస్తావా అని అడగట్లేదు. ఊరికే అడుగుతున్నా, అక్కడ బాగుందా?

నీ వదిన


ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

వదినా,

నీ ఉత్తరం చదువుతుంటే దారాల వాసన వచ్చింది. ఇక్కడ దేనికీ వాసన లేదు. కిటికీలోంచి చూస్తే పక్క మేడ మీద ఎవరో ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి, గాలికి ఉబ్బుతాయి, పడిపోతాయి. వాటిని చూస్తూనే నా పని అయిపోతుంటుంది.

నేనేం చేస్తున్నానో చెప్తా, అత్తయ్యకి చదివి వినిపించు. ప్రోగ్రాం అంటే ఆగకుండా నడిచిపోయే పని. డీబగ్గర్ అని ఒక పనిముట్టు ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రాముని ఫలానా వరస దగ్గర ఆగు అంటే అది అక్కడ ఆపేస్తుంది. చావదు, నిద్రపోదు, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంటుంది. నువ్వు దోసిట్లోంచి పళ్లెంలోకి గుండీలు ఒంపుతున్నావనుకో. సగం గుండీలు ఇంకా గాల్లో ఉండగా లోకం ఆగిపోయింది. నేనొక్కదాన్నే లోపల తిరుగుతున్నాను. గాల్లో ఎన్ని ఉన్నాయి అంటాను. గాల్లోవీ పళ్లెంలోవీ కలిపితే ఎన్ని అంటాను. జవాబొస్తుంది. మళ్లీ నడువు అనగానే టపటపా పడిపోతాయి. మధ్యలో తాము ఆగామని వాటికి తెలియదు.

నేను అడిగే ఆ ప్రశ్నల్నే ఎక్స్‌ప్రెషన్లు అంటారు. మా కంపెనీ తయారుచేసేది ఆ పనిముట్టుని. అది చెప్పే జవాబు నిజమేనా అని చూడటం నా ఉద్యోగం. చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి, ఆపి, నాకు ముందే జవాబు తెలిసిన ప్రశ్నలు అడుగుతాను. ఒకే ఇంట్లో ఇద్దరు బుజ్జిలుంటే, పడగ్గదిలో నిలబడి బుజ్జీ అంటే ఆ గదిలో బుజ్జే పలకాలి, వాకిట్లో బుజ్జి కాదు. ఇంకా పుట్టని దాని గురించి అడిగితే "లేదు" అనాలి, ఏదో ఒక అంకె కల్పించి చెప్పకూడదు. నేను తలాతోకా లేని ప్రశ్న అడిగినా నా ప్రశ్న తప్పనాలి గానీ, లోపల ఆగి ఉన్న దాన్ని చంపెయ్యకూడదు.

తెర మీద ఒక పక్కన చిన్న గడి ఒకటి తెరిచి ఉంచుకుంటాను. అందులో ప్రశ్నలు రాసిపెడితే, ఆగిన ప్రతిసారీ ఆ గడే వాటిని అడిగి జవాబులు చూపిస్తుంది. నేను వేలు కదపక్కర్లేదు. అలా చూస్తూ కూర్చుంటే ఎంత హాయిగా ఉంటుందో. ఏదీ కదలదు. ఎవరూ తొందరపెట్టరు. ఒక్కోసారి నడువు అనడం మర్చిపోయి అలాగే ఉండిపోతాను.

బాగుంది వదినా. అంతా బాగుంది.

నీ మరదలు


కొట్టు, మళ్లీ మధ్యాహ్నమే

మరదలా,

చదివి వినిపించా. అత్తయ్య కళ్లు మూసుకుని విన్నారు, నిద్రపోయారేమో అనుకుంటే "మన వీధి కూడా రెండింటికి అలాగే ఆగుతుంది" అన్నారు. బయటికి చూశా. నిజమే. ఎదుటి చెప్పుల కొట్టాయన చేతిలో చెప్పు అలాగే ఉంది, ఆయన చూపు ఎక్కడో ఉంది. కుక్క ఒక చెవి ఎత్తి, రెండోది ఎత్తడం మానేసింది. షట్టరు కిందనుంచి వచ్చే ఎండలో నూలు పోగు ఒకటి తేలుతోంది, కిందికీ రాదు, పైకీ పోదు. నువ్వు మా మధ్య తిరుగుతూ "వదినా, నీ మనసులో ఎంత ఉంది" అని అడుగుతున్నట్టు అనిపించింది. అంతలో ఎవరో వచ్చి జిప్పు అడిగారు.

కానీ ఒసే, నేను ఎనిమిదేళ్లు నీ మొహం చూసి బోణీ చేసినదాన్ని. అంత పెద్ద ఉత్తరంలో ఒక్క మనిషి లేడు. దుప్పట్లున్నాయి, గుండీలున్నాయి, బుజ్జిలున్నారు. నీ పక్క బల్ల ఎవరిది? మధ్యాహ్నం ఎవరితో తింటున్నావు? "బాగుంది" అని రెండుసార్లు రాశావు. సరుకు బాగున్నప్పుడు రెండుసార్లు చెప్పక్కర్లేదు, అమ్మేవాళ్లకి తెలుసు.

ఏమైందో రాయి. ఇంకో మాట, పక్క గది సంగతి. మనం గోడ తీయించి కలుపుకున్నామే, నీ బల్లా నీ దారాల అలమరా ఉండేది, అదే. రెండు గదులూ ఉంచుకుంటారా, ఒకటి ఇచ్చేస్తారా అని అద్దెకిచ్చిన ఇంటాయన అడుగుతున్నాడు. నెలాఖరుకి చెప్తానన్నా. ఊరికే చెప్తున్నా అంతే. నీ కుర్చీ రోజూ తుడుస్తున్నా.

నీ వదిన


గది, ఆదివారం పొద్దున

వదినా,

నీ దగ్గర దాచలేనని తెలిసి కూడా దాచాను. క్షమించు.

నన్ను తీసుకున్నది ఆరు నెలల పరీక్ష మీద. ఆ ఆరు నెలలూ ఈ నెలాఖరుకి అయిపోతాయి. ఉంచుకుంటారో పంపిస్తారో అప్పుడు చెప్తారు. ఎనిమిదేళ్లు పని మానేసినదాన్ని ఇంకెవరూ తీసుకోరు వదినా, నలభై చోట్ల అడిగాక వీళ్లు తీసుకున్నారు. ఇది పోతే ఈ పని నా జీవితంలో ఇక లేదు.

జరిగింది ఇది. ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అందులో అడిగినప్పుడల్లా తర్వాతి నంబరు ఇచ్చే ముక్క ఒకటుంది. ఆరు దాకా ఇచ్చేశాక ప్రోగ్రాముని ఆపుతాను. ఆపి, తర్వాతి నంబరు అడుగుతాను. ఏడు రావాలి. నా కంప్యూటరులో ఎనిమిది వస్తోంది. మరీ విచిత్రం, పెద్దాయన కంప్యూటరులో ఏడే వస్తోంది.

పెద్దాయనంటే ఈ ప్రశ్నలకి జవాబు చెప్పే భాగాన్ని మొదటినుంచీ కట్టినాయన. జుట్టంతా తెలుపు, స్వెట్టరు మోచేతుల దగ్గర అరిగిపోయింది. నేను ఎనిమిది చూపించినప్పుడు "నా దగ్గర బాగానే వస్తోందమ్మా" అన్నారు. రెండోసారీ అదే అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. గుండీలు అమ్ముకొచ్చినదానికి ఏం తెలుసనుకుంటున్నారు అనిపించింది. ఆయన అనలేదు, నాకే అనిపించింది. "జవాబు చెప్పే భాగం తప్పు లెక్క కడుతోంది, దీన్ని బయటికి ఇవ్వకూడదు" అని అందరికీ కాగితం పంపేశాను. దాంతో పని ఆగింది. మూడు వారాలైంది. పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి, తను రాసిందాన్ని మొదటి వరస నుంచి మళ్లీ చదువుతున్నారు. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే తింటున్నాను. ఎవరూ పొమ్మనలేదు. నేను వెళ్లి కూర్చుంటే మాటలు సన్నబడతాయి, అంతే.

నాకు ఆగిన ప్రోగ్రాములోనే హాయిగా ఉంది అన్నది అందుకే. అక్కడ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఒక్క ఆ ఎనిమిది మాత్రం లోపలికి కూడా వచ్చి కూర్చుంది.

నీ మరదలు


కొట్టు, పొద్దు వాలాక, ఇల్లు చేరకముందే

మరదలా,

వచ్చెయ్. ఎవరే వాళ్లు నీ పక్కన కూర్చుని తినడానికి ఆలోచించేవాళ్లు. ఏడో ఎనిమిదో వాళ్లనే తేల్చుకోమను. ఇక్కడ నీ కుర్చీ ఉంది, ఆకుపచ్చల పెట్టె ఉంది, మాట సన్నబడటం అంటే తెలియని అత్తయ్య ఉన్నారు.

సరే, కోపం దిగాక మిగతాది రాస్తున్నా. నీకు నవ్వు రావాలని ఇవాళ జరిగింది చెప్తా విను. కొట్టునిండా జనం. నేను ప్రెస్సు దగ్గర "ఇరవై మూడు" అని పిలిచా. ఎవరూ రాలేదు. "ఇరవై నాలుగు." లేరు. "ఇరవై ఐదు" అంటే ఒకామె వచ్చింది. మళ్లీ ఇరవై ఆరు లేరు. మూల నిలబడ్డ పంతులమ్మ అడిగేసింది, "ఏమ్మా, లేని మనుషుల్ని పిలిచి మమ్మల్ని నిలబెడుతున్నావు, మీ చుట్టాలకి ముందే చించి ఇంటికి పంపావా" అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అనలేదు. చుట్ట తయారుచేసినవాడే నంబర్లు ఎగరగొట్టాడనుకున్నా. వాడికి ఫోను చేసి నాలుగు చీవాట్లు పెట్టా కూడా. వాడు "లేదమ్మా, వరసగానే అచ్చవుతాయి" అంటాడు. నేను "అయితే నా కొట్లోనే దయ్యముందా" అంటా.

ఉందే. బల్ల పక్కన కూర్చుని ఉంది. అత్తయ్యకి ఎంతమంది వచ్చారో తెలుసుకోవాలని సరదా. చుట్ట మీద నంబరు లోపలి వైపుంటుంది కదా, చింపితే గానీ కనబడదు. అందుకని తోచినప్పుడల్లా ఒకటి చింపి, చూసి, మడిచి కళ్లజోడు పెట్టెలో దాచారు. తెరిచి చూస్తే పదకొండు.

"ఇదేం పని అత్తయ్యా?"

"నేనేం చేశానే? చూశానంతే. ఎవరికైనా ఇచ్చానా?"

"మీరు చింపితే ఆ నంబరు అయిపోయినట్టేగా."

"ఎలా అయిపోతుంది, ఇదిగో నా దగ్గరే భద్రంగా ఉంటేను. కావాలంటే తీసుకో."

పంతులమ్మ కూడా నవ్వేసింది. అత్తయ్య మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. "చూడటం వేరు, తీయడం వేరు, ఆ మాత్రం తెలియదా నాకు" అని గొణుగుతూ అన్నం తిన్నారు. రేపటినుంచి ఆవిడని దారాల వైపు కూర్చోబెడతా. నీ చోటులో. తాత్కాలికంగానే, కంగారు పడకు.

నవ్వావా లేదా? మళ్లీ అడుగుతున్నా, ఇంకా అక్కడ ఏం బాగుందే?

నీ వదిన


ఆఫీసు, మెట్ల దగ్గర నిలబడి

వదినా,

నీ ఉత్తరం మెట్లెక్కుతూ చదివాను. కళ్లజోడు పెట్టె దగ్గర నవ్వాను. "చూశానంతే" దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

నేను చెప్పిన చిన్న గడి గుర్తుందా, ఆగిన ప్రతిసారీ తనే ప్రశ్నలడిగేది. తర్వాతి నంబరు అడిగే ప్రశ్న అందులో కూడా రాసి పెట్టుకున్నాను. ఎప్పుడూ కంటికి ఎదురుగా ఉంటుందని. ప్రోగ్రాం ఆగగానే ఆ గడి నాకంటే ముందు అడిగేస్తోంది. ఏడు అది తీసేసుకుంటోంది. తర్వాత నేను అడిగితే ఎనిమిది వస్తోంది. పెద్దాయన ఆ గడి తెరవరు. అందుకే ఆయనకి ఏడు.

బల్ల దగ్గరికి పరుగెత్తాను. గడిలో ఆ వరస తీసేశాను, ఏడు వచ్చింది. మళ్లీ పెట్టాను, ఎనిమిది. రెండుసార్లు రాసిపెట్టాను, తొమ్మిది. పనిముట్టు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు వదినా. అడిగినదానికి ప్రతిసారీ నిజమే చెప్పింది. ఆగిన లోకంలో ఏదీ కదలదని నేనే నమ్ముకుని కూర్చున్నాను. కదిలిస్తున్నది నేనే. ఎనిమిదేళ్ల క్రితం ఈ తప్పు ఎవరైనా చేస్తే నవ్వేదాన్ని.

ఇప్పుడు నా దగ్గర రెండు దారులున్నాయి. ఆ గడిలో వరస చెరిపేసి, "ఇప్పుడు రావట్లేదు, దానంతటదే సర్దుకుంది" అని రాస్తే సరి. ఇలాంటివి రోజూ జరుగుతాయి, ఎవరూ అడగరు. పని మళ్లీ మొదలవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, నెలాఖరుకి నన్ను ఉంచుకుంటారు. లేదంటే తప్పు నాదని చెప్పాలి. మూడు వారాలు అందరి పనీ ఆపింది ఒక చూపని, ఆ చూపు నాదని. నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుంది.

పెద్దాయన కనిపిస్తున్నారు, అద్దం అవతల. పెన్సిలుతో ఒక్కో వరసకీ టిక్కు పెట్టుకుంటూ చదువుతున్నారు. ఏం చెయ్యమంటావు?

నీ మరదలు


ఇల్లు, కొట్టు తెరిచే వేళ దాటుతున్నా కూర్చుని

మరదలా,

నీకు రెండు ఉత్తరాలు రాసి రెండూ చెరిపేశా. మొదటిదాంట్లో నోరు మూసుకుని ఊరుకోమన్నా. ఎవరికీ నష్టం లేదు, ఉద్యోగం నిలబెట్టుకో అని. బొత్తిగా వ్యాపారం మాట, నాకే నచ్చలేదు. రెండోదాంట్లో చెప్పెయ్ అన్నా. నిజం నిలకడ మీద తెలుస్తుంది, ఆ పెద్దాయన ఉసురు మనకొద్దు, ఏమైతే అదవుతుంది అని. చదువుకుంటే ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో. పంపేదాన్నే, వేలు మీట మీదే ఉంది.

అప్పుడు తట్టింది. నిజం చెప్తే నీ ఉద్యోగం పోవచ్చు. పోతే నువ్వు ఇక్కడికే వస్తావు. నేను నీకు ధర్మం చెప్తున్నానా, నీ కుర్చీ సిద్ధం చేసుకుంటున్నానా, నాకే తేలలేదు.

ఇక దాచను. ఇంటాయనకి నెలాఖరు గడువు పెట్టింది ఎందుకనుకున్నావు? నీ ఆరు నెలలు నెలాఖరుకి అయిపోతాయని నాకు ముందే తెలుసు. వెళ్లేముందు మీ అన్నయ్యకి చెప్పావట, ఆయన కడుపులో ఏ మాట ఆగింది గనక. వాళ్లు నిన్ను వద్దంటారని ఎదురుచూస్తున్నా. ప్రతి ఉత్తరంలో బాగుందా బాగుందా అని అడిగింది బాగాలేదంటావని. నువ్వు ఒంటరిగా తింటున్నానని రాస్తే కన్నీళ్లొచ్చాయి, అబద్ధం కాదు, కానీ వాటి వెనకాల చిన్న సంతోషం కూడా ఉందే. చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిన్ను కన్నబిడ్డలా చూశానని అందరితో చెప్పుకుంటా, తీరా చూస్తే నీ దారికి అడ్డంగా నిలబడ్డదాన్ని నేనే.

కాబట్టి నేను ఏమీ చెప్పను. చెయ్యి అననూ, వద్దు అననూ. ఇంకో ఉత్తరం కూడా రాయను, నీ నుంచి వచ్చేదాకా. నీకు ఏది తోస్తే అది చెయ్యి. వేళకి తినడం మర్చిపోనని మాత్రం నాకు మాటివ్వు.

వదిన


ఆఫీసు, కిటికీ పక్క బల్ల

వదినా,

నాలుగు రోజులు నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఎనిమిదేళ్లలో నువ్వు తీరిక లేక కాకుండా, కావాలని మాట్లాడకుండా ఉండటం ఇదే మొదటిసారి. మొదట కొట్టు ఖాళీ అయినట్టు అనిపించింది. తర్వాత నాకు నేను వినపడటం మొదలైంది.

నిన్న పొద్దున అందరం కూర్చున్నప్పుడు లేచి చెప్పేశాను. తెర మీద చూపించాను కూడా. గడిలో ఒకసారి రాస్తే ఎనిమిది, రెండుసార్లు రాస్తే తొమ్మిది. ఎవరి చూపూ తెర మీంచి కదల్లేదు. ఆగిన ప్రోగ్రాములో ఉన్నట్టే ఉంది, ఈసారి లోపల ఇరుక్కున్నది నేను.

మేనేజరమ్మ అడిగారు, "ఇది మీరు చెప్పకముందు ఎవరికైనా తెలుసా?"

"తెలియదండీ."

"మరెందుకు చెప్తున్నారు?"

"ఆయన మూడు వారాలుగా తన పనిలో తప్పు వెతుక్కుంటున్నారండీ. అది అక్కడ లేదు."

పెద్దాయన కళ్లద్దాలు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. చివరికి, "నాకు కోపం రావాలమ్మా. మూడు వారాలు నిద్ర లేదు. నా భార్య నన్ను ఆసుపత్రిలో చూపిస్తానంది" అన్నారు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "కానీ ఆ గడిని నేను ఏనాడూ తెరవలేదు. కట్టిందీ నేనే, వాడనిదీ నేనే. బయట దీన్ని వాడేవాళ్లు ఈ అమ్మాయిలా వాడతారు, నాలా కాదు. అందరికీ ఇలాగే ఏడు పోతుంది, ఎక్కడ పోయిందో తెలియదు."

అక్కడికక్కడే మాట్లాడుకున్నారు. అడిగితే లోపల ఏదైనా కదిలే ప్రశ్న అయితే, ఇకమీదట గడి దాన్ని తనంతట తను అడగదు. అక్కడే ఆగి, అడగమంటావా అని మనిషిని అడుగుతుంది. దానికి పరీక్షలన్నీ నేను రాయాలి. నలభై దాకా ఉంటాయి.

సమావేశం అయ్యాక మేనేజరమ్మ నన్ను లోపలికి పిలిచారు. "ఇది మంచిదే. మూడు వారాలు పోయిన మాటా నిజమే. తొందరపడి అందరికీ కాగితం పంపారు, పక్క మనిషితో కూర్చుని ఒకసారి కలిపి చూడలేదు" అన్నారు. ఒప్పుకున్నాను. ఉద్యోగం ఖాయం చెయ్యలేదు. ఇంకో మూడు నెలలు పరీక్ష మీదే ఉండమన్నారు, ఇష్టమైతేనే. ఇష్టమేనండీ అన్నాను. ఆలోచించకుండా వచ్చింది ఆ మాట.

మధ్యాహ్నం పెద్దాయన తన డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నారు. "గుండీలు అమ్మేదానివటగా, ఈ స్వెట్టరుకి ఒకటి పోయింది, దొరుకుతుందా" అన్నారు. చూశాను. గోధుమరంగు, రెండు చిల్లులది, అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది. మన మూడో అరలో ఉండాలి, వీలైతే రెండు పంపు.

ఇక నీ మాట. నీ ఉత్తరానికి నాకు కోపం రాలేదు. ఎందుకంటే ఆ కుర్చీని నేనూ ఉంచుకున్నాను. ఇక్కడ ఎవరైనా మొహం తిప్పుకుంటే, పోనీలే అక్కడ నా చోటుందిగా అనుకునేదాన్ని. అలా అనుకున్నందువల్లే ఎవరి దగ్గరికీ వెళ్లి కూర్చోలేదు. సగం మనిషిని అక్కడే వదిలి వచ్చాను వదినా, నువ్వు దాన్ని తుడుస్తున్నావు.

పక్క గది ఇచ్చెయ్. మూడు నెలల తర్వాత వీళ్లు వద్దన్నా సరే, ఇచ్చెయ్. ఇక్కడ బాగుంది. ఈసారి ఒక్కసారే రాస్తున్నాను.

నీ మరదలు


కొట్టు, ఒక్క గదే, మధ్యాహ్నం

మరదలా,

నీ ఉత్తరం బిగ్గరగా చదువుదామని మొదలుపెట్టి "పక్క గది ఇచ్చెయ్" దగ్గర ఆపేశా. అత్తయ్య నా మొహం చూసి "మిగతాది రేపు వింటాలే" అన్నారు. ఆ ముసలావిడకి ఎప్పుడు అడగాలో ఎప్పుడు ఊరుకోవాలో తెలియదనుకునేదాన్ని.

ఇచ్చేశానే. నిన్న మళ్లీ గోడ కట్టేశారు, తడి ఇంకా ఆరలేదు, చెయ్యి పెడితే చల్లగా ఉంది. అటువైపు గొడుగులు బాగుచేసే ఆయన దిగాడు. పొద్దున్నుంచీ గొడుగు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. మొదటి గంట ప్రతి చప్పుడుకీ నువ్వు అలమర తలుపు తీశావనుకుని తల తిప్పా. తర్వాత తిప్పలేదు. నీ బల్ల అమ్మలేదు, ఉంచలేదు, పంతులమ్మ బడికి ఇచ్చా, పిల్లలు దాని మీద బొమ్మలేసుకుంటారట. ఆకుపచ్చ దారాలన్నిటికీ అంకెలు వేసి చీటీలు అంటించా. ఇప్పుడు ఎండలో నిలబడితే నాకూ కొంచెం తెలుస్తోంది. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య ఇంకా తడబడతా, ఫర్లేదు, ఎవరూ చొక్కా వాపసు తేలేదు.

ఏడిచానా అని అడగవు కదా. కాస్త. ఏడిచి మొహం కడుక్కుని గుండీలు వెతికా. పెద్దాయనకి రెండు కాదు, ఆరు తీసి పెట్టా, ఒకటి పోతే మిగతావీ వరసగా ఊడతాయి, పాత స్వెట్టర్ల సంగతి నాకు తెలుసు. పోస్టులో పంపుదామనుకున్నా. పంపలేదు. ఎందుకంటే నువ్వు ఎనిమిదేళ్లు నా కొట్టు చూశావు, నీ పని ఎలా ఉంటుందో నేను ఒక్కరోజు చూడలేదు. నీ కిటికీ, ఆ దుప్పట్లు, నీ పక్కన ఎవరు తింటారో అన్నీ కళ్లారా చూడాలని ఉంది. తీసుకురావడానికి కాదు, చూసిపోవడానికి. ఈ కొట్టు పనిరోజున మూసి ఎరగను, మూస్తా, షట్టరు మీద రాసి అంటిస్తా. అత్తయ్య కూడా వస్తానని సంచి సర్దేశారు. పెద్దాయనతో మాట్లాడాలట, ఏం మాట్లాడతారో ఆ దేవుడికే తెలియాలి. నీ గదిలో ముగ్గురికి చోటుందా, కింద పడుకోవడం మాకు అలవాటే. బస్సు ఎక్కడ దిగాలో, దిగాక ఎటు తిరగాలో రాయి.

నీకు వీలైన రోజే వస్తాం, నువ్వే చెప్పు. ఏ రోజు రమ్మంటావు?

నీ వదిన